చారల మీనము – చిట్టి యెర

సెప్టెంబరు మాసాంతమున, అమెరికా ఈశాన్య తీరమందలి లాంగ్ ఐలండు ద్వీపపు తూర్పుకొనయైన మాంటాక్ కడ, సముద్రము కొన్ని దినములు విచిత్రముగా కన్పట్టును. దీపస్తంభము క్రింది రాళ్ల చేరువ నీరు అచ్చటచ్చట ఎఱ్ఱమన్ను కలిపినట్లు గోధుమవన్నె దాల్చును. అది మన్ను గాదు. రెండు మూడంగుళముల నిడివి గల నెత్తళ్ల గుంపు. లక్షలకొలది చిఱుచేపలు ఒండొంటి నొరసికొనుచు ఒకే దేహమువలె కదలుచుండును. వాని నడుమ పది, ఇరువది పౌనుల తూకము గల చారల చేపలు నోళ్లు తెరచికొని, రాశి మీద పడిన ఎడ్లవలె, తొందర లేక మేయుచుండును. పైన సముద్రపు పక్షులు గుంపులు గూడి అఱచును.

ఒడ్డున నడుములోతు నీట నిలిచిన గాలపువానికి ఇంతకన్న భాగ్యము వేఱొకటి యుండదని తోచును. తన సంచిలోని ఎరలలో కెల్ల పెద్దదియు, మెఱుగు పెట్టినదియు నగు కొయ్యచేపను తీసి విసరును. అది సరిగా గుంపు నడుమనే పడును. ఒక్క చేపయు ముట్టదు. మఱల విసరును, మఱల నంతియే. చారల చేపలు ఆ కొయ్యచేపకు అటునిటు తొలగి, తమ మేత తాము మేయుచునే యుండును. అఱగంట గడచును. ప్రక్కనున్న ముసలివాడు చిటికెనవ్రేలి పొడవైనను లేని తగరపు తునక నొకదానిని విసరి, కొంచెము మునుగనిచ్చి, మెల్లగా చుట్టుకొనును. అతని కఱ్ఱ వంగును.

ఈ రెండు ఎరల నడుమ భేదమేమి? ఆ తీరమున గాలము వేయువారు తరతరములుగా తర్కించుకొనుచున్న ప్రశ్న యిదియే. ఇది వట్టి వినోదమునకు సంబంధించినదని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ప్రకృతిశాస్త్రము, భౌతికశాస్త్రము, కొంతవఱకు మనశ్శాస్త్రము కూడ ఇందులో కలవు.

చారల చేపను ఆంగ్లమున స్ట్రైప్డ్ బాస్ అందురు. న్యూ ఇంగ్లండువారు దానిని స్ట్రైపర్ అనియు, చెసపీక్ అఖాతపు వారు రాక్‌ఫిష్ అనియు పిలుతురు. శాస్త్రనామము మొరోన్ సాక్సాటిలిస్. వెండివన్నె ప్రక్కలపై ఏడెనిమిది నల్లని గీతలు మొప్ప మొదలు తోక దాక సాగియుండును. వసంతమున ఇది చెసపీక్ అఖాతములో కలియు నదులలోనికిని, డెలవేర్, హడ్సన్ నదులలోనికిని ఎదురీది మంచినీట గ్రుడ్లు పెట్టి, పిమ్మట కడలికి మఱలి, వేసవి ముదురుకొలది ఉత్తరముగా మెయిన్ రాష్ట్రపు తీరము వఱకు పోవును. గోదావరి వఱదనీటి కెదురేగు పులస నెఱిగిన ఆంధ్రులకు ఈ యాత్ర క్రొత్తగా తోపదు. ముప్పది యేండ్లు బ్రదుకగలదు. 2011లో కనెక్టికట్ తీరమున గాలమునకు చిక్కిన చేప 81 పౌనులకు మించి తూగినది.

ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా చెప్పదగిన ముచ్చట యొకటి కలదు. ఆంగ్లేయులు అచ్చట వలస నిలిపిన తొలినాళ్లలో ఈ చేపలు ఎంత విరివిగా నుండెననగా, వానిని మొక్కజొన్న చేలకు ఎరువుగా పూడ్చుచుండిరి. 1639లో మసాచుసెట్స్ బే వలసరాజ్యము అట్లు చేయరాదని శాసించెను. 1670లో ప్లిమత్ వలసరాజ్యమువారు కేప్ కాడ్ కడ చారల చేపల మీదను, మాకెరెల్, హెరింగు చేపల మీదను వచ్చు ఆదాయమును ఉచిత పాఠశాల యొకటి నెలకొల్పుటకు కేటాయించిరి. చేపల సొమ్ముతో అక్షరములు నేర్పిన బడి! ఆ దేశమున ప్రజాధనముతో నడచిన మొదటి బడులలో నిదియొకటి.

మఱల ఎర మాటకు వత్తము.

చారల చేపకు కోఱపండ్లు లేవు. దాని నోటిలోని పండ్లు ఆకురాయివలె గరుకుగా నుండునే గాని కోయజాలవు. ఆ తీరముననే తిరుగు బ్లూఫిష్ అనునది కత్తెరవలె చేపను తుండెములుగా కోసి తినును. చారల చేప యట్లు గాక, నోరు హఠాత్తుగా తెరచి, నీటితోపాటు ఎరను లోనికి పీల్చి మ్రింగును. ఇట్టి ప్రాణికి రెండంగుళముల చేపలు దట్టముగా దొరకినప్పుడు వేటతో పనిలేదు. నోరు తెరచినచో నాలుగైదు వచ్చి పడును. ఒక్క పెద్దచేపను వెంటాడుటలో వ్యయమగు బలము వృథా. పెద్ద కొయ్యచేప ఎంత చక్కగా ఈదినను, తక్కువ శ్రమతో కడుపు నిండుచున్న చేపకు అది ఆకర్షణ గాదు.

రెండవ కారణము ఇంకను సూక్ష్మమైనది. ల్యూక్ టిన్‌బెర్గెన్ అను డచ్చి పక్షిశాస్త్రజ్ఞుడు దేవదారు వనములలోని పిట్టలు తమ పిల్లలకు తెచ్చు పురుగులను గమనించెను. ఒక జాతి పురుగు క్రొత్తగా పుట్టినపుడు పిట్టలు దానిని ఇంచుమించుగా గుర్తింపవు. కొన్ని దినములకు హఠాత్తుగా దానినే ఏఱి ఏఱి తెచ్చును. పిట్ట మనస్సులో ఆ పురుగు రూపము ఒక అచ్చువలె పడునని అతడు ఊహించెను. అతని మరణానంతరము 1960లో ప్రకటితమైన ఈ సిద్ధాంతమునకు ‘అన్వేషణ ప్రతిమ’ యని పేరు పెట్టవచ్చును. గాలపువారు ఈ సంగతిని శాస్త్రము చదువకయే ఎఱుగుదురు. సెలయేళ్లలో ట్రౌట్ చేపలను పట్టువారు ఆ పూట నీటిపై ఏ పురుగు పుట్టునో ఆ పురుగు పోలికయే ఈకలతో కట్టవలెనందురు. సముద్రతీరమువారు ఆ సూత్రమునే పురుగునకు మాఱుగా చిఱుచేపకు అన్వయించిరి.

కనుక మొదటి పని ఎర నేర్పఱచుట గాదు. చేప ఏమి తినుచున్నదో తెలిసికొనుట. ఇందులకు ఆనవాళ్లు అనేకములు. టర్న్ అను చిన్న పక్షులు మెల్లగా నీటిని ముక్కుతో అందుకొనుచున్నచో క్రింద నున్నవి సన్నపు చేపలు. గానెట్ అను పెద్ద పక్షులు ఎత్తునుండి ఈటెలవలె దూకుచున్నచో హెరింగు వంటి పెద్ద చేపలు. నీరు పెల్లుగా ఎగసిపడినచో ఎర పెద్దది; వానచినుకులు పడినట్లు చిన్న చిన్న వలయములు మాత్రమే లేచినచో అతి చిన్నది. మొదట చిక్కిన చేప కొన్నిసార్లు తాను మ్రింగినదానిని ఇసుకపై కక్కును. అదియే అన్నిటికన్న నమ్మదగిన సాక్ష్యము. ఎర మార్చుటకు ముందు అయిదు నిమిషములు చేతులు కట్టుకొని నీటిని చూచువాడు అరుదు. చేపలు పట్టువాడును అరుదే.

చిఱుచేపలలో నాలుగు ముఖ్యములు. మాంటాక్ నీటిని గోధుమవన్నె చేయునది బే ఆంకోవీ. కోస్తాంధ్రమున ఎండబెట్టి అమ్ము నెత్తళ్ల కుటుంబములోనిదే. దేహము గాజువలె పారదర్శకము, కన్ను పెద్దది, వేగముగా ఈదజాలదు.

రెండవది సిల్వర్‌సైడ్. ప్రక్కన వెండితీగవంటి గీత, వీపు లేత ఆకుపచ్చ. ఉప్పునీటి గడ్డిబీళ్ల చెంత గుంపులుగా తిరిగి, వసంత గ్రీష్మములలో అమావాస్య పున్నములనాటి పెద్ద పోటున గడ్డిమొదళ్లపై గ్రుడ్లు పెట్టును. ఈ అల్పప్రాణి శాస్త్రజ్ఞులకు రెండు గొప్ప పాఠములు నేర్పినది. దీని పిల్లలు చల్లని నీట పెరిగినచో ఆడువియు, వెచ్చని నీట పెరిగినచో మగవియు ఎక్కువగునని 1981లో తేలినది. చేపలలో ఇట్టిది కనుగొనుట అదియే ప్రథమము. మఱియు 2002లో ప్రకటితమైన ప్రయోగములో, ప్రతి తరమునను పెద్దవానిని మాత్రమే ఏఱి తొలగింపగా, నాలుగు తరములలోనే ఆ సంతతి చిన్నబారిపోయెను. రెండవ పాఠము ఈ వ్యాసపు చివర అక్కఱకు వచ్చును.

మూడవదగు సాండ్ ఈల్ పేరునకు పాముచేపయే గాని ఆ కుటుంబములోనిది గాదు. నాలుగైదు అంగుళముల పొడవున, పెన్సిలుకన్న సన్నముగా నుండును. రాత్రివేళ ఇసుకలో దూఱి దాగుకొనుట దీని ప్రత్యేకత. తెల్లవాఱుజామున అవి ఇసుకనుండి వెలువడునపుడు చారల చేపలు అడుగున కాచుకొనియుండును. నాలుగవది మెన్‌హేడెన్ పిల్ల. దీనిని గాలపువారు ‘పీనట్ బంకర్’ అందురు. వేరుసెనగ యని భావము. మూడు నాలుగంగుళములే యైనను దేహము వెడల్పై, ప్రక్కలు అణగి, రూపాయి బిళ్లవలె తళతళలాడును. శరత్తున నదీముఖములనుండి బయలువెడలి దక్షిణముగా పోవునపుడు చారల చేపలు వీనిని ఒడ్డునకు తఱిమి తినును.

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, నిడివిలో ఇంచుమించు సమానములే యైనను, ఆకృతిలో ఎంత భేదమో తెలియును. సాండ్ ఈల్‌ను తినుచున్న చేపకు వెడల్పైన ఎర రుచింపదు. మెన్‌హేడెన్ పిల్లలను తినుచున్నదానికి సూదివంటి ఎర ఆనదు. నిడివి మొదటిది, ఆకృతి రెండవది, ఈదు లోతు మూడవది, వేగము నాలుగవది. రంగు వీని అన్నిటికిని తరువాత. అంగళ్లలో ఈ వరుస తలక్రిందులుగా నుండును. పొలుసులు చెక్కి, కన్నులు దిద్ది, ఇంద్రధనుస్సులోని వన్నెలన్నియు పూసిన ఎర మొదట పట్టునది చేపను గాదు, కొనువానిని. లేత నీటిలో పారదర్శకమైన లేత వన్నెలు, మసక నీటిలో తెలుపో పసుపో, రాత్రివేళ నలుపు — ఇంతకన్న రంగులను గూర్చి తలపోయ నక్కఱలేదు. రాత్రి నలుపేల యని విద్యార్థి యడుగవచ్చును. క్రిందినుండి పైకి చూచు చేపకు ఆకాశము, ఎంత చీకటి రాత్రియైనను, నీటికన్న తెల్లగా నుండును. దానిపై నల్లని ఎర నీడవలె స్పష్టముగా కనిపించును.

ఇక అసలు చిక్కు. రెండంగుళముల ఎర కావలయునని తెలిసినది. దానిని అరువది గజముల దూరము విసరుటెట్లు? గాలపు కఱ్ఱతో విసరునపుడు దారమును లాగుకొని పోవునది ఎర బరువే. కొయ్య నీటికన్న తేలిక. రెండంగుళముల కొయ్యతునక ఎదురుగాలిలో పదిగజములు పోయి పడును. అందుచే లోహమును ఆశ్రయింపవలసి వచ్చినది. సీసము నీటికన్న పదునొకండు రెట్లకు పైగా బరువు. తగరము ఏడురెట్లకు పైగా. ఇటీవల వాడుకలోనికి వచ్చిన టంగ్‌స్టన్ పందొమ్మిది రెట్లు. సీసపు చిట్టి యెర గాలిని చీల్చుకొని పోవును గాని, నీట పడిన తక్షణము రాయివలె మునుగును. మాంటాక్ రాళ్లలో లోతు నాలుగడుగులు మాత్రమే యున్నచోట అది అడుగున చిక్కుకొని తెగును. లేదా చిక్కుకొనకుండ వేగముగా లాగవలెను. వేగముగా లాగినచో నెత్తలి నడక పోవును. నిజమైన నెత్తలి అంత వేగముగా నెన్నడును ఈదదు. ఇట్లు భౌతికశాస్త్రము ఒకచేత నిచ్చినదానిని మఱియొకచేత తీసికొనును.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు ఆ తీరమువారు కనుగొన్న ఉపాయములు మెచ్చదగినవి. తగరము సీసమంత బరువు గాదు గనుక అదే తూకమునకు కొంచెము వెడల్పుగా నుండి, రెపరెపలాడుచు మెల్లగా దిగును. ముసలివాని చేతిలోనిది అదియే. మఱియొకటి, లోపల సన్నపు లోహపు తునక నుంచి పైన గాజువంటి జిగురు పోత పోసిన ఎర. చూచుటకు నెత్తలివలె పారదర్శకము, మునుగుట మెల్లన. లోతైన చోట్లను, వడిగల పాటునీటిలోను సాండ్ ఈల్‌లకు సన్నని లోహపు కడ్డీకి రబ్బరు గొట్టము తొడిగిన ఎరను అడుగంటనిచ్చి ఎత్తుచు దించుచు నుందురు. ఇసుక ఒడ్డున రాత్రివేళ సూదివంటి కొయ్య యెరను చలనమే లేనట్లు లాగుదురు. క్రొత్తవానికి అది పనిచేయుచున్నదో లేదో నమ్మకము కుదరదు. అది చేయు పని యేమియు చేయకుండుటయే.

పురుగుగాలమువారి త్రోవ వేఱు. వారి కఱ్ఱ ఎరను విసరదు; బరువైన దారమునే కొరడావలె విసరును, ఎర దాని కొనను వెంట పోవును. అందుచే ఈకలతోను జింకతోక వెండ్రుకలతోను కట్టిన, బరువే లేని ఎరను కూడ నీటిపై సున్నితముగా దింపవచ్చును. లెఫ్టీ క్రే 1950 దశకపు చివర కట్టిన ‘డిసీవర్’ ఇందులో ప్రసిద్ధము. వంచకి యని అర్థము. 1991లో అమెరికా తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల వెలువరించెను. బాబ్ క్లౌజర్ 1980 దశకమున కట్టిన మఱొక ఎరకు కన్నుల స్థానమున బరువైన గుండ్లుండును. లాగి వదలినపుడు తలక్రిందుగా దిగి, గాయపడిన చేపను తలపించును. కాని పురుగుగాలము ముప్పది గజములు దాటుట కష్టము. ఎదురుగాలి వీచిననాడు అదియు లేదు.

వీని అన్నిటిలోను చతురమైనది జోడు ఎర. బరువైన పెద్ద కొయ్యచేపను దారము చివర కట్టి, దానికి రెండు మూడడుగుల ముందు ఈకలతో కట్టిన చిట్టి యెరను వ్రేలాడదీయుదురు. పెద్దది దూరమునకు మోయును, చిన్నది తినబడును. పైపెచ్చు నీటిలో చూచు చేపకు ఒక చేప మఱియొక చిన్నచేపను తఱుముచున్నట్లు తోచును. పొరుగువాని నోటికాడి ముద్ద ఎక్కువ రుచియను సంగతి మనుష్యులకు మాత్రమే తెలిసినది గాదు కాబోలు.

ఇంతవఱకు పోలికను గూర్చి చెప్పబడినది. కాని పోలికయే పరమార్థమైనచో ఒక ప్రశ్న మిగులును. లక్ష నెత్తళ్ల నడుమ లక్షయొకటవ నెత్తలివలె, ఏ భేదమును లేకుండ ఎర యున్నచో, చేప దానినే ఏల పట్టవలెను? లెక్కప్రకారము దాని వంతు లక్షలో నొకటి. చిఱుచేపలు గుంపు గట్టుటలోని రహస్యము గూడ ఇదియే. ఒకేవిధముగా మెఱయు దేహముల నడుమ వేటచేప చూపు ఒక్కదానిపై నిలువదు. గుంపునుండి విడివడినదో, కుంటుచున్నదో, వింతగా తోచినదో మొదట బలియగును. కావున అనుభవజ్ఞులు గుంపునకు పోలికయు ఉండవలెను, గుంపునుండి భేదమును ఉండవలెను అందురు. నెత్తలి రెండంగుళములైనచో ఎర మూడంగుళములుండవచ్చును, అయిదుండరాదు. గుంపు నడుమ గాక దాని క్రిందనో అంచుననో పోవలెను. అచ్చట పెద్ద చేపలు దెబ్బతిని జాఱిపడువాని కొఱకు కాచుకొనియుండును. లాగుచు లాగుచు ఒక క్షణము ఆపవలెను. పోలికను ఆరాధించువారు ఈ రెండవ సగమును మఱతురు. సంచి నిండ అచ్చముగా నెత్తళ్లను పోలిన ఎరలుండియు వట్టిచేతులతో ఇంటికి పోవుదురు. ఏ సూత్రమునకును లొంగక, పెద్ద కొయ్యచేపనే చేప పట్టిన దినములును కలవు. అట్టి దినముల కథలే ఎక్కువగా చెప్పబడును.

చిట్టి యెరను గూర్చి అంగళ్లవారు చెప్పని సంగతి యొకటి కలదు. ఎర చిన్నదైనచో కొక్కెము చిన్నది, తీగె సన్నము, దారము సన్నము, కఱ్ఱ సన్నము. ముప్పది పౌనుల చేప అట్టి గాలమునకు తగులుకొన్నచో దానిని ఒడ్డునకు తెచ్చుటకు చాలసేపు పట్టును. వేసవి వెచ్చదనమున నీటిలో ప్రాణవాయువు తక్కువ. అలసి సొలసిన చేపను విడిచిపెట్టినను అది బ్రదుకునన్న నమ్మకము లేదు. మూడేసి ముండ్లు గల చిన్న కొక్కెములు గొంతులోను మొప్పలలోను దిగబడును. ఈ చేపల పాలన చూచు అట్లాంటిక్ రాష్ట్రముల సముద్ర మత్స్య సంఘము, గాలమునకు చిక్కి విడువబడిన చారల చేపలలో నూటికి తొమ్మిది చచ్చునని లెక్కవేసికొనుచున్నది. వినోదమునకు పట్టువారు తాము పట్టినవానిలో అధికభాగమును విడిచిపెట్టుదురు గనుక, ఆ తొమ్మిది కూడినచో చిన్న సంఖ్య గాదు. అందుచే వివేకవంతులు మూడుముండ్ల కొక్కెమును తీసి ఒంటికొక్కెమును తగిలింతురు. వెనుకకు తిరిగిన చీలను పటకాఱుతో అణగద్రొక్కుదురు. ఎర చిన్నదైనను దానికి బలమైన కొక్కెమునే ఎన్నుకొందురు. ఎర యెన్నికలో అడుగవలసిన ప్రశ్న చేప దీనిని పట్టునా యని మాత్రమే గాక, పట్టిన పిమ్మట దాని గతి యేమి యని కూడ.

ఈ జాగ్రత్త ఊరక వచ్చినది గాదు. 1970 దశకపు చివరనుండి చారల చేపలు క్షీణించినవి. 1984లో అమెరికా శాసనసభ వాని రక్షణకై ప్రత్యేక చట్టము చేసెను. 1985 మొదలు అయిదేండ్లు మేరీలాండ్ రాష్ట్రము వానిని పట్టుటనే నిషేధించెను. 1995 నాటికి అవి కోలుకొన్నవని ప్రకటించిరి. తీరమంతట పండుగవలె నుండెను. కాని 2019లో ముగిసిన గణన, అవి మఱల తగ్గినవని తేల్చినది. 2021 మొదలు నిజమైన ఎరతో పట్టువారు గుండ్రని కొక్కెములనే వాడవలెనని విధించిరి. 2015లో పుట్టిన పెద్ద సంతతిని కాపాడుటకై, 2023లో 31 అంగుళములకు మించినదానిని ఉంచుకొనరాదని నియమించిరి. 28 అంగుళములకు తక్కువైనదియు కూడదు. పెద్దవానినే తొలగించుచు పోయినచో ఏమగునో సిల్వర్‌సైడ్ చెప్పిన పాఠము ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

మేరీలాండ్ వారు 1954 మొదలు ప్రతి వేసవి చెసపీక్ అఖాతమున ఒక లెక్క తీయుచున్నారు. నిర్ణీతమైన ఇరువది రెండు రేవులలో నూఱడుగుల వలను ఒడ్డుచేరువ లాగి, ఆ యేటి చారల చేపల పిల్లలు ఎన్ని పడినవో లెక్కింతురు. దీర్ఘకాలపు సగటు వలకు సుమారు పదునొకండు. 2019 మొదలు ప్రతి యేడు సగటుకన్న తక్కువయే పడినవి. 2023లో వలకు ఒక్కటి. ఆ వలలో సిల్వర్‌సైడులు పడును, నెత్తళ్లు పడును. వాని నడుమ రెండు మూడంగుళముల నిడివితో, ప్రక్కలపై అప్పుడే తేలుచున్న సన్నని గీతలతో, చారల చేప పిల్ల యుండును. లెక్క వ్రాసికొనువారు దానిని ఏఱి, కొలిచి, మఱల నీట విడుతురు.